మత్రాలో జరిగిన ఇంగ్లండు ఎన్నిక

మొన్న మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగు జరిగింది. పాత ప్రెసిడెంటుగారే కొనసాగాలా, కొత్తవాళ్ళు రావాలా అన్నది తేల్చాలి. చీటీలు వేద్దామని ఎవరో అన్నారు. ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్న ప్రెసిడెంటుగారు, "మనలో మనకి చీటీలెందుకండీ, చేతులెత్తేస్తే సరిపోతుంది" అన్నారు. అందరం ఆయన మొహం వంక ఒకసారి చూసి చేతులెత్తాం. నేనూ ఎత్తాను. లిఫ్టులో పైకి వస్తుంటే, అంతకుముందు దాకా ఆయన్ని తిట్టిపోసిన ఎదురింటావిడ, "పోనీలెండి, మొహం మీద ఎలా చెబుతాం" అంది. నాకు నవ్వొచ్చింది. ఇంట్లోకి వచ్చి చెప్పులు విడిచేసరికి ఆ నవ్వు పోయింది. చిన్నప్పుడు గల్ఫులో, మస్కట్ పక్క మత్రాలో ఒక వంటింట్లో ఇదే మాట మరో యాసలో విన్నాను.

అప్పుడు మేము మస్కట్‌లోనే దార్సైట్ అనే పేటలో ఉండేవాళ్ళం. నాన్న ఘాలాలో ఒక కంపెనీ గోడౌన్‌లో స్టోర్ కీపరు. అమ్మ నర్సు. అమ్మ డ్యూటీ మాత్రం మస్కట్‌లో కాదు, కొండలవతల ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో. బుధవారం సాయంత్రం వచ్చేది, శుక్రవారం సాయంత్రం వెళ్ళిపోయేది. అక్కడ అప్పట్లో గురు, శుక్రవారాలు సెలవు. ఆ రెండు రోజులూ మా ఇంట్లో ఇంగువ పోపు వాసన ఉండేది. మిగతా రోజులు నాన్న పొద్దున్నే వండి వెళ్ళిన పప్పు, పెరుగు, ఏసీ చప్పుడు.

నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. స్కూలు మధ్యాహ్నమే వదిలేసేవారు. నాన్న వచ్చేసరికి చీకటి పడేది. మెళ్ళో వేసుకున్న తాళంచెవితో తలుపు తీసుకుని, లోపలినించి గడియ పెట్టుకుని, ఎవరు కొట్టినా తీయకుండా కూర్చోవాలి. పక్కింటివాళ్ళ టీవీ మాటలు గోడలోంచి వినిపించేవి. వాళ్ళది మలయాళం, నాకు ముక్క అర్థమయ్యేది కాదు. అయినా గోడకి చెవి ఆనించి వినేదాన్ని. ఎవరో మాట్లాడుకుంటున్నారు, అంతే చాలు. ఒంటరితనం అన్న పెద్ద మాట అప్పుడు నాకు తెలియదు. మధ్యాహ్నాలంటే భయం అనుకునేదాన్ని.

ఒకరోజు నాన్న ఇలా గోడకి అతుక్కుపోయిన నన్ను చూశారు. ఆ వారంలోనే నాకు ఒక ఉద్యోగం తెచ్చారు.

నాన్న కంపెనీలో ఒకప్పుడు మేనేజరుగా చేసిన ఇంగ్లండు పెద్దాయన మత్రాలో ఉండేవారు. రిటైరైనా వెళ్ళిపోలేదు. భార్య పోయారు. కంపెనీ అర్బాబ్, అంటే యజమాని, ఆయన్ని అన్నలా చూసుకునేవాడు. ఉన్నన్నాళ్ళు ఉండమని వీసా పొడిగిస్తూ, ఒక పాత ఇల్లు, ఒక కారు కూడా ఇచ్చాడు. పెద్దాయనకి చూపు తగ్గిపోయింది. భూతద్దం పెట్టినా అక్షరాలు పట్టుబడటం లేదు. రోజూ వచ్చి తన కాగితాలు తనకే చదివి వినిపించే మనిషి కావాలి. "మా అమ్మాయి ఇంగ్లీషు బాగా చదువుతుందండి" అని నాన్న చెప్పేశారట. నా ఇంగ్లీషు మార్కులు ఆయనకి చూపించలేదు కాబట్టి సరిపోయింది.

అలా మధ్యాహ్నాలు మారాయి. స్కూలు గేటు దగ్గరకి పెద్దాయన కారు వచ్చేది. డ్రైవరు హైదరాబాదు పాతబస్తీ మనిషి, మేమంతా భాయ్ అనేవాళ్ళం. కొండ దాటి దిగితే మత్రా. చేపల మార్కెట్ వాసన, దాని వెనకే సూక్ అనే పాత బజారులోంచి సాంబ్రాణి, ఎండబెట్టిన నిమ్మకాయల వాసన. సందులో కారు ఆపితే మెట్లెక్కి పైకి వెళ్ళాలి. వరండాలోంచి ఓడలు కనిపించేవి.

ఆ ఇంట్లో వంటచేసే ఆవిడ కడప జిల్లా మనిషి. నేను అత్త అని పిలిచేదాన్ని. నేను గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే, "బువ్వ తినినావా పాపా? తినకుంటే రా, ఉగ్గాని చేసినా" అనేది. పెద్దాయనకి ఉడకబెట్టిన బంగాళాదుంపలు, మాకు బొరుగుల ఉగ్గాని. పెద్దాయన కంటపడకుండా ఆ దుంపల మీద ఇంత ఎల్లిపాయ కారం చల్లేవాళ్ళం. ఆయన మొదటిరోజు దగ్గారు, రెండోరోజు మంచినీళ్ళు అడిగారు, మూడోరోజు కారం తగ్గిందేమని అడిగారు.

నేను చదవాల్సిన కాగితాలు పెద్దాయన ఏళ్ళ తరబడి రాసుకుంటున్న చరిత్ర. రాజులదీ యుద్ధాలదీ కాదు. ఆయన పుట్టిన చోటి పార్లమెంటు నియోజకవర్గం చరిత్ర. ఒక సంత ఊరు, దాని చుట్టూ పల్లెలు, మధ్యలో వానాకాలం పొలాల మీదికి వచ్చే చిన్న నది. గొర్రెలు, ఆపిల్ తోటలు. ఆ ఆపిళ్ళు తినడానికి కావట, పులియబెట్టి తాగడానికట. అత్తకి ఆ సంగతి చెబితే, "అట్లయితే మన కల్లే గదా. దానికి ఇంత కత ఎందుకు?" అంది.

మొదటి వారం నాకు పరమ విసుగు పుట్టింది. చివర త్వరగా వస్తుందని పేజీలు దాటించి చదివేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని వింటూ, "నువ్వు నది దాటేశావు, వంతెన మీంచి రాలేదు. వెనక్కి వెళ్ళు" అనేవారు. ఆ చరిత్రంతా ఆయనకి కంఠతా వచ్చు. మరి నేను చదవడమెందుకో నాకు తెలిసేది కాదు. బహుశా నేను గోడకి చెవి ఆనించినట్టే ఆయన కూడా.

తర్వాత్తర్వాత కథలో పడ్డాను. పాతకాలంలో అక్కడ ఓటంటే చీటీ కాదు, పెట్టె కాదు. సంతలో సత్రం ముందర చెక్కలతో ఎత్తుగా అరుగు కట్టేవారు. ఓటు హక్కున్న మగవాడు మెట్లెక్కి, తన పేరు, ఊరు చెప్పి, ఫలానా ఆయనకి నా ఓటు అని అందరికీ వినపడేలా చెప్పాలి. కింద జనం ఈలలు, తిట్లు, కుళ్ళిన కూరగాయలు. గుమాస్తా రాసుకునేవాడు. ఆ తర్వాత ఎవరు ఎవరికి వేశారో పుస్తకంగా అచ్చేసి అమ్మేవారు. ఓట్ల రోజుల్లో సత్రంలో తాగినంత తాగుడు, తిన్నంత తిండి, ఖర్చు పోటీ చేసేవాళ్ళది. ఒక రంగు రిబ్బను ఒకరిది, మరో రంగు మరొకరిది.

"మా ఊర్లో గూడ అంతే. ప్యాకెట్లు, బిర్యానీ" అని అత్త తృప్తిగా తలూపింది. ఆ రోజునించి ఆ చరిత్ర మీద ఆవిడకి గౌరవం పెరిగింది. కూరగాయలు తెచ్చుకుని వరండాలోనే తరుగుతూ కూర్చునేది. నేను ఒక్కో ముక్క తెలుగులో చెబుతుండేదాన్ని.

అక్కడ పెద్ద బంగళాలో ఒక భూస్వామి కుటుంబం ఉండేది. తాత, తండ్రి, కొడుకు, మూడు తరాలు ఆ సీటు వాళ్ళదే. ఓట్ల రోజు వాళ్ళ గుమాస్తా కౌలుదార్లని బళ్ళలో ఎక్కించుకుని వచ్చేవాడు. వాళ్ళు ఒక్కొక్కరే అరుగెక్కి, బంగళావైపు నించున్న దొర మొహం చూసి, దొర పేరే చెప్పి దిగేవాళ్ళు. ఒకసారి ఒక చెప్పులు కుట్టేవాడు మాత్రం అరుగెక్కి రెండో ఆయన పేరు చెప్పాడు. జనమంతా చల్లబడిపోయారట. పై పండగ నాటికల్లా ఇల్లు ఖాళీ చేయమని అతనికి కబురొచ్చింది. అతను సామాను నెత్తిన పెట్టుకుని నది దాటి వెళ్ళిపోయాడు.

"ఆ చెప్పులు కుట్టే ఆయన మీ తాతగారా సర్?" అని అడిగాను. కథల్లో అలాగే ఉంటుందని నా లెక్క.

"కాదు" అన్నారు పెద్దాయన. "మావాళ్ళు ఆ బండిలో వచ్చినవాళ్ళు."

అది నిజాయితీగా చెప్పారని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు కొంచెం నిరుత్సాహపడ్డాను.

ఆ అరుగు ఎలా ఉండేదో నాకు బాగా అర్థం కావాలని ఆయనే ఒక ఆట మొదలుపెట్టారు. గురువారం మధ్యాహ్నం భోజనానికి చేపలా, కోడా? నన్ను వంటింటి స్టూలు ఎక్కించి, పిలిచే గుమాస్తాగా నిలబెట్టారు. నా పని ఓటర్ని పిలవడం, వాళ్ళు చెప్పింది గట్టిగా అందరికీ వినపడేలా మళ్ళీ అరవడం. భాయ్ వచ్చి సాబ్ మొహం చూసి "మచ్ఛీ" అన్నాడు. అత్త కూడా పెద్దాయన మొహం చూసి చేపలంది. పెద్దాయన పడీ పడీ నవ్వారు. "చూశావా, బళ్ళు దిగి వచ్చారు" అన్నారు. అత్త లోపలికి వెళ్ళి కోడికూర వండింది. కోడి అప్పటికే తెచ్చేసిందట.

ఆ ఇల్లు నాకు ఇల్లయింది. ఇది మాత్రం దాచుకోకుండా చెప్పాలి. అమ్మ వచ్చిన గురువారాల కంటే, అమ్మ లేని ఆది సోమవారాలే నాకు ఇష్టమవడం మొదలైంది. పెద్దాయన డబ్బాలోని నారింజ తొక్కల జామ్ వేలితో నాకేదాన్ని. నాలుక మీద చేదు, తర్వాత తీపి. డబ్బా సగమయ్యాక ఆయన ఇంకో డబ్బా తెప్పించి, మొదటిది నా పక్కనే మరిచిపోయినట్టు వదిలేసేవారు.

చరిత్ర చివరి అధ్యాయానికి వచ్చేసరికి ఆయన గొంతు మారింది. అరుగు పోయింది, చీటీలు, పెట్టెలు వచ్చాయి. ఆడవాళ్ళకి ఓటు వచ్చింది. గుర్రపు బళ్ళు పోయి కార్లు వచ్చాయి. పెద్దాయన చిన్నప్పుడు సైకిలు మీద తిరిగి గోడలకి కాగితాలు అంటించారు. ఇప్పుడేమో కొత్తగా సరిహద్దులు గీసేవాళ్ళు వచ్చి, మ్యాపులో నది వెంబడే ఒక గీత గీశారు. ఇటువైపు పల్లెలు ఒక పట్నంలో, అటువైపువి మరో పట్నంలో కలిపేశారు. రాబోయే ఎన్నికల నించి ఆ నియోజకవర్గం ఉండదు, దాని పేరూ ఉండదు.

విచిత్రమేమిటంటే ఆ రోజుల్లోనే మన దగ్గరా అదే గోల. అత్త వాళ్ళ ఊరిని కూడా తీసి ఇంకో దాంట్లో కలిపారట. ఫోన్లో తమ్ముడు చెప్పాడు. "పోనీ పాపా. అందులో ఉన్నప్పుడు ఏమిచ్చినారని, ఇందులోకి పోతే ఇయ్యకపోతారు?" అని బెండకాయలు తరుక్కుంది. పెద్దాయన మాత్రం అలా తీసుకోలేకపోయారు. ఆయనకి అక్కడ ఓటు కూడా లేదు. దేశం వదిలి చాలా ఏళ్ళయినవాళ్ళ పేరు తీసేస్తారట. "నేను వెళ్ళిపోయి దానికి ఓటు లేకుండా చేశాను. ఇప్పుడది వెళ్ళిపోయి నాకు ఊరు లేకుండా చేసింది" అన్నారు ఓసారి. నేను తెలుగులో చెబితే అత్త కత్తిపీట పక్కన పెట్టి, "ముసిలాయనకి ఇంటి మీద మనసు పడినాది" అంది. ఆ ముక్క ఆ రోజే భాయ్‌కీ, నాన్నకీ, నాన్న ద్వారా అమ్మకీ చేరిపోయింది. ఆయనకి ఇంటి బెంగ అని మావాళ్ళంతా తీర్మానించేసుకున్నారు.

ఇంగ్లండులో ఆయనకి ఒక కూతురు. ఎండలు మొదలయ్యే ముందు ఆవిడ ఫోన్ చేసింది. నాన్నా, చూపు పోతోంది, కాలి పుండు మానడం లేదు, ఇక వచ్చేయండి, మా ఊళ్ళో పెద్దవాళ్ళుండే చోట ఒక గది చూశాను అని. ఆ ఊరు ఆయన సంత ఊరు కాదు, దానికి చాలా దూరంలో ఉన్న పట్నం. కొన్నాళ్ళలో అవునో కాదో చెప్పకపోతే ఆ గది ఇంకొకరికి పోతుంది. ఇక్కడ అర్బాబ్ ఉండమనే అంటున్నాడు. ఆయన వెళ్ళిపోతే అత్త వీసా ఆయన పేరు మీదే ఉంది కాబట్టి ఆవిడ ఇంకో ఇల్లు వెతుక్కోవాలి, లేదా కడపకి వెళ్ళిపోవాలి. భాయ్ మళ్ళీ ఘాలాలో కంపెనీ బస్సు నడపాలి. నేను మళ్ళీ తాళంచెవి మెళ్ళో వేసుకోవాలి.

ఆయన తేల్చుకోలేకపోయారు. రోజూ వరండాలో అటూ ఇటూ తిరిగేవారు. చదవమనడం మానేశారు. చివరికి ఒక మధ్యాహ్నం కుర్చీలో నిటారుగా కూర్చుని, "దీనికి ఎన్నిక పెడదాం, పాత పద్ధతిలో. మెజారిటీ ఏది చెబితే అది చేస్తాను" అన్నారు.

నేను ఎగిరి గంతేశాను. గెలిచేశామనే అనుకున్నాను. అత్త ఉండమంటుంది, భాయ్ ఉండమంటాడు, నా మాట సరేసరి. కానీ ఆయన నియమాలు చెప్పారు. ఓటర్లు నలుగురు: అత్త, భాయ్, వారం వారం వచ్చి కాలికి కట్టు మార్చే మా అమ్మ, మా నాన్న. ఓట్లు సమానంగా వస్తే రిటర్నింగ్ ఆఫీసరుగా ఆయన ఓటు వేస్తారు. పాతకాలంలో అలాగే చేసేవారు. మైనర్లకి ఓటు లేదు. నేను పిలిచే గుమాస్తాని. ఎంత బతిమాలినా వినలేదు. ఆయన తన ఊరి ఎన్నికల్లో లక్ష అక్రమాలు నవ్వుతూ చెప్పేవారు గానీ, తన ఇంటి ఎన్నికలో ఒక్కటీ ఒప్పుకోలేదు.

శుక్రవారం పొద్దున్న పెట్టారు. అమ్మా నాన్నా ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చారు. పెద్దాయన ఆ ఉక్కలో కోటు వేసుకున్నారు. భాయ్ చేత సూక్ నించి రెండు రంగుల రిబ్బన్లు, ఒక పెద్ద గిన్నెడు హల్వా తెప్పించారు. యాలకులు, పన్నీరు వాసనలతో వరండా పెళ్ళిల్లులా ఉంది. నీలం రిబ్బను ఉండడానికి, పసుపు వెళ్ళడానికి. ఎవరూ ముందే పెట్టుకోలేదు. నేను నీలం రిబ్బను జడకి కట్టుకోబోతే, "గుమాస్తా ఏ పక్షమూ కాకూడదు" అని తీసేయించారు.

ముందు భాయ్‌ని పిలిచాను. చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "ఘర్ సే బులారై తో జానా, సాబ్. సోచ్నా కాయ్కు?" అన్నాడు. ఇంటినించి పిలుస్తుంటే ఆలోచనెందుకు, వెళ్ళాలి అని. అని మా నాన్న వైపు తిరిగి, "నన్ను గిట్ల ఎవరన్న పిలిస్తె ఈపాటికి ఫ్లైట్ల కూసుంటుంటి" అన్నాడు. నేను "వెళ్ళాలి, ఒకటి" అని అరిచాను.

నాన్న ఆఫీసు ఇంగ్లీషులో, సర్, ఫ్యామిలీ అంటే ఫ్యామిలీనే, మీ అమ్మాయి దగ్గరకి వెళ్ళండి అన్నారు. అమ్మ ఆయన కాలి కట్టు వంక చూసింది. "ఇక్కడ రాత్రి పడిపోతే ఎవరు చూస్తారండీ? వెళ్ళడమే మంచిది" అంది. వాళ్ళు చెప్పింది మంచిమాటే. గల్ఫులో ఉన్నవాళ్ళెవరైనా సాటి మనిషికి అంతకంటే మంచి కోరుకోరు. ఏ రూమ్‌లో చూసినా, ఏ సైట్‌లో చూసినా, ఇల్లు చేరినవాడే అదృష్టవంతుడు. మావాళ్ళు తమ దగ్గరున్న అన్నిటికంటే మంచి మాటని తీసి ఆయనకిచ్చారు.

అత్త ఒక్కతే మిగిలింది. పెద్దాయన కుర్చీలో ముందుకి వంగి, కనిపించని కళ్ళతో ఆవిడ వైపు చూస్తూ నవ్వారు. ఆవిడ భయపడకుండా చెప్పాలని ఆ నవ్వు. అత్త కొంగు భుజం మీదికి లాక్కుని ఆయన మొహాన్నే చూసింది. నేను స్టూలు మీంచి కళ్ళతో బతిమాలుతున్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. "పొమ్మని చెప్పు పాపా. ఎంత సంతోషంగా ఉండాడో సూడు. పోయి బిడ్డ కాడ ఉండమను" అంది.

నేను అది ఇంగ్లీషులో అరవాలి. గొణిగాను. "వినపడలేదు" అన్నారు పెద్దాయన. మళ్ళీ చెప్పాను. వెళ్ళాలి నాలుగు, ఉండాలి సున్నా. ఆయన లేచి నిలబడి, కోటు సరిచేసుకుని, ఓటర్లందరికీ కృతజ్ఞతలు చెప్పారు. గెలిచినవాళ్ళని ఊరేగించడం ఆనవాయితీ గానీ, ఈసారికి హల్వాతో సరిపెడదామన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన హల్వా తినలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని సాయంత్రం దాకా బయటికి రాలేదు. అలసిపోయారు పాపం, ఎంతైనా సంతోషం కదా అనుకున్నారు మావాళ్ళు.

వంటింట్లోకి వెళ్ళేసరికి అత్త గట్టు దగ్గర నిలబడి ఏడుస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మరెందుకు అలా చెప్పావని నిలదీశాను.

"మల్ల ఏం చెప్పమంటావు? ఆయప్ప మొగం మీదనే, నా జీతం కోసం ఉండు, నా బిడ్డ ఫీజు కోసం ఉండు అని చెప్పేదా?" అంది.

"జీతం కోసం అనక్కర్లేదు. ఊరికే ఉండమనచ్చుగా."

"నేను అంటే జీతం కోసమే అన్నట్లుంటాది పాపా" అని ముక్కు తుడుచుకుంది.

పన్నెండేళ్ళ నేను వరండాలోంచి హల్వా గిన్నె తెచ్చి ఆవిడ పక్కన గట్టు మీద పెట్టాను.

తర్వాత రోజులు సామాను సర్దడంతో గడిచాయి. పెద్దాయన మాట తప్పే మనిషి కాదు, ఆ రాత్రే కూతురికి ఫోన్ చేసి చెప్పేశారు. చరిత్ర చివరి పేజీలు నా చేత రాయించారు. ఆ కాగితాల కట్టని సంత ఊరి గ్రంథాలయానికి పోస్టు చేయించారు. మా ఇంటికి ఒక కుర్చీ, భాయ్‌కి రేడియో, అత్తకి మిక్సీ ఇచ్చారు. అత్తకి ఇంకో ఇల్లు చూడమని అర్బాబ్‌కి ఎంతో చెప్పారు. దొరకలేదు, ఆవిడ కూడా టికెట్టు తీసుకుంది. పెద్దాయన ఎవరి మీదా కోపం చూపించలేదు. కాకపోతే మాతో మర్యాదగా ఉండటం మొదలుపెట్టారు. దుంపల్లో కారం ఎక్కువైనా తక్కువైనా ఏమీ అనేవారు కాదు. అది నాకు తిట్టినదానికంటే బాధగా ఉండేది.

బయలుదేరే రోజు మధ్యాహ్నం స్కూలు నించి నేరుగా వెళ్ళాను. పెట్టెలు కారులో ఎక్కించేశారు. భాయ్ స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. అత్త దారిలోకని ఉగ్గాని పొట్లం కట్టి ఇచ్చి, మెట్ల మీద నిలబడింది. పెద్దాయన కారు తలుపు పట్టుకుని, ఓడల వైపు మొహం పెట్టి నించున్నారు. ఆయనకి ఓడలు కనిపించవని నాకు తెలుసు.

ఏదో ఒకటి అడగాలని, "సర్, మీరు ఏది గెలవాలనుకున్నారు?" అని అడిగాను.

రిటర్నింగ్ ఆఫీసరు అలాంటివి చెప్పకూడదంటారేమో అనుకున్నాను. "రెండూ రెండూ వస్తాయనుకున్నాను" అన్నారు. "మీ అమ్మా నాన్నా వెళ్ళమంటారు, వీళ్ళిద్దరూ ఉండమంటారు. అప్పుడు నా ఓటు వేసుకోవచ్చుననుకున్నాను."

నా తల నిమిరి, తడుముకుంటూ కారు ఎక్కారు.

ఎన్నో నెలలు ఆయనకి ఇంగ్లీషు చదివి వినిపించినదాన్ని, అప్పుడు నాకు ఒక్క ఇంగ్లీషు ముక్క రాలేదు. "తాతగారూ, వెళ్ళొద్దు, ఉండిపోండి" అన్నాను తెలుగులో. గట్టిగానే అన్నాను. ఆయన నా గొంతు వచ్చిన వైపు తిరిగి, ఏదో మంచిమాట చెప్పాననుకుని, నవ్వి థాంక్యూ అన్నారు. అత్తకి తెలుగు వచ్చు. భాయ్‌కీ వచ్చు. ఇద్దరూ విన్నారు. భాయ్ తాళంచెవి తిప్పకుండా కాసేపు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అద్దంలోంచి అత్త వంక చూశాడు. అత్త తల అడ్డంగా ఊపింది. ఇల్లు చేరబోతున్న మనిషిని గుమ్మంలో వెనక్కి పిలవకూడదని ఆవిడ ఉద్దేశం. భాయ్ కారు స్టార్ట్ చేశాడు.

తర్వాత ఆయన అక్కడ మూడు చలికాలాలు బతికారని నాన్నకి ఆయన కూతురు రాసింది. సంత ఊరికి ఒకసారి తీసుకెళ్ళమని అడిగారట గానీ కుదరలేదట. అత్త నంబరు మారిపోయింది. అమ్మకి మస్కట్‌కి బదిలీ దొరకడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది, అప్పటికి నాకు మధ్యాహ్నాలు అలవాటైపోయాయి. ఆ రోజు వరండాలో ఉన్న పెద్దవాళ్ళలో ఆయనకి చెడు కోరినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ ఆయన కోసమే ఓటు వేశారు. ఆయన మాత్రం తను ఎవరికీ అక్కర్లేదనుకుని వెళ్ళిపోయారు.